ప్రభుత్వ విశ్వవిద్యాలయాల నిధుల విషయమై ఉమ్మడి సభ తీర్మానం

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్న అధ్యాపకులు, అకడమిక్ కన్సల్టెంట్లు, బోధనేతర సిబ్బంది, విశ్రాంత ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు, హాస్టల్ విద్యార్థుల ప్రతినిధులు ఒకచోట కూడి, చర్చించి ఆమోదించిన తీర్మాన పాఠం.

పూర్వాపరాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు 1917 ఏప్రిల్ 26న ఫర్మానా వెలువడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో అదే ఏప్రిల్ 26న పుట్టింది. మొదటిది నిజాం ఖజానా అండతో, ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించాలన్న సంకల్పంతో మొదలైంది. రెండోది కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతిగా బెజవాడలో ప్రారంభమై 1930లో వాల్తేరు చేరింది. జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవవర్మ దానికి ఏటా లక్ష రూపాయలు సమకూర్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే సామాన్యమైన మొత్తం కాదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసినప్పుడు దేవస్థానం భూములిచ్చింది. వరంగల్లు, గుంటూరు, అనంతపురంలో పీజీ కేంద్రాలుగా నడిచినవి తర్వాత కాకతీయ, నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలయ్యాయి. 2006 నుంచి 2008 వరకు నిజామాబాద్, నల్లగొండ, కరీంనగర్, పాలమూరు, రాజమహేంద్రవరం, కడప, నెల్లూరు, మచిలీపట్నం, కర్నూలు, శ్రీకాకుళాలకు కూడా విశ్వవిద్యాలయాలు వచ్చాయి.

పాత సంస్థలు కట్టిన నాటికి మన నేల ఇప్పటికంటే ఎంతో పేదది. కరువులున్నాయి, నూటికి పదిమందికైనా చదువు రాని తాలూకాలున్నాయి. అయినా విశ్వవిద్యాలయం తలకు మించిన ఖర్చని ఆనాటి పాలకులు, దాతలు అనుకోలేదు. వారి కంటే ఎన్నో రెట్లు సంపన్నమైన రాష్ట్రాలు ఇవాళ అదే సంస్థలకు నెల జీతాలు సర్దడానికి నీళ్లు నములుతున్నాయన్నది ఈ సభను కలచివేస్తున్న విషయం.

విశ్వవిద్యాలయం వల్ల ఎవరికి లాభం అన్న ప్రశ్న తరచూ వినబడుతోంది. చదువుకున్నవాడికే లాభం, కాబట్టి ఖర్చూ వాడే పెట్టుకోవాలన్న జవాబు కూడా దాని వెంటే వస్తోంది. ఈ సభ తన జవాబును వరి దగ్గర మొదలుపెడుతోంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204ను మనమందరం సాంబ మసూరి అంటున్నాం. అంతకు నాలుగేళ్ల ముందు, 1982లో, మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 7029 పేరు స్వర్ణ. ఈ రెండూ 1964లో రాజేంద్రనగర్‌లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని కేంద్రాల కృషి. స్వర్ణ గోదావరి జిల్లాలు దాటి ఒడిశా, బెంగాల్ పల్లపు భూములకు పాకింది. సాంబ మసూరి వండుకు తినే ఇళ్లలో ఆ విశ్వవిద్యాలయం గడప తొక్కినవారు ఒక్కరూ ఉండకపోవచ్చు. ఏ విద్యార్థి కట్టిన ఫీజుతోనూ ఆ వంగడాలు పుట్టలేదు. రెండు రకాలను సంకరం చేసి, వచ్చిన మొక్కల్ని మడిలో నాటి, బాగున్నవి ఏరి, మిగతావి పారేసి, మళ్లీ నాటి, ఆ గుణం నిలకడగా వస్తోందని తేల్చుకోవడానికి ఏళ్లూపూళ్లూ పడుతుంది. అన్నేళ్లూ జీతానికి ఢోకా లేని శాస్త్రవేత్త ఉండాలి, కూలీలకు ఇవ్వడానికి డబ్బుండాలి, ఆ మడి ఉన్న భూమి మరొకరి చేతికి పోకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా వంగడం లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నెలకొల్పారు. ఆ ఏడాదే ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం వెలువడింది. నాగలిలోని ఒక్కో భాగాన్ని, ఒక్కో పనిని ఏ జిల్లాలో ఏమంటారో రైతుల నోట విని రాసుకున్న పుస్తకమది. ట్రాక్టర్లు వచ్చి ఆ పనిముట్లే కనుమరుగవుతున్న ఈ రోజుల్లో అలాంటి సేకరణ మళ్లీ చేయాలన్నా సాధ్యం కాదు. 1950లలో వాల్తేరులో బంగాళాఖాతం నీటి స్వభావంపై మొదలైన అధ్యయనాలకు కూడా అప్పట్లో కొనుగోలుదారు ఎవరూ లేరు. తుపాను వస్తే ఒడ్డున ఉండే జాలరి కుటుంబానికి ఆ విద్య విలువ తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావుకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి దక్కింది. ఆయన పేరిట ఉన్న సిద్ధాంతాలను ప్రపంచమంతటా వాడుకుంటున్నవారిలో ఎవరూ వాల్తేరుకు రుసుము కట్టలేదు, కట్టనక్కర్లేదు కూడా.

విశ్వవిద్యాలయం ఇచ్చే ఫలంలో పెద్ద భాగం దాని తరగతి గదిలో ఎన్నడూ కూర్చోని వారికే చేరుతుంది. అందుకే ఆ ఖర్చు తరగతిలో కూర్చున్న పిల్లవాడి తలపై మోపడం అన్యాయమని ఈ సభ దృఢంగా నమ్ముతున్నది. ఈ తీర్మానంలోని ప్రతి కోరికకూ మూలం ఈ నమ్మకమే.

ఇప్పటి స్థితి

2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసు వారిలో ఉన్నత విద్యలో నమోదు దేశం మొత్తానికి 28.4 శాతం కాగా, తెలంగాణలో 40 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.5 శాతం. ఈ అంకెలు చూసి సంతోషిస్తున్నాం. ఇంటి నుంచి తొలిసారి కళాశాల మెట్లెక్కిన ఆడపిల్లలు, దళిత, గిరిజన, వెనుకబడిన కులాల బిడ్డలు ఆ శాతంలో ఉన్నారు. అయితే వారు మెట్లెక్కుతున్న వేళకే లోపల అధ్యాపకులు లేకుండా పోతున్నారు. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి మించి ఖాళీ. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 3,220 పోస్టులకు ప్రకటనలు ఇచ్చినా ఆ భర్తీ ముందుకు సాగలేదు. తెలంగాణలో 2025 ఆరంభంలో ఆచార్యుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు. అనుభవజ్ఞులు నిలిచారు, మంచిదే. కొత్తవారు మాత్రం రాలేదు. 2024 మే నుంచి అక్టోబరు దాకా అక్కడి చాలా విశ్వవిద్యాలయాలకు ఉపకులపతులే లేక ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జులుగా నెట్టుకొచ్చారు.

ఆదాయం సంగతి చూస్తే, 12వ పంచవర్ష ప్రణాళిక 2017 మార్చితో ముగిశాక, ఐదేళ్లకోసారి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నుంచి వచ్చే ప్రణాళికా గ్రాంట్ల దారి మూసుకుపోయింది. కేంద్ర పథకాలైన రూసా, దాని తర్వాత 2023లో వచ్చిన పీఎం ఉష ప్రధానంగా భవనాలకు, పరికరాలకు ఉపయోగపడుతున్నాయి. అందులోనూ రాష్ట్రం తన 40 శాతం వాటా వేస్తేనే పని కదులుతుంది. రాష్ట్ర బ్లాక్ గ్రాంట్ జీతాలకు, పింఛన్లకు సరిపోతే గొప్ప. సరిపోని చోట దూరవిద్య ఆదాయాన్ని, అఫిలియేషన్ ఫీజుల్ని, పరీక్ష ఫీజుల్ని, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల డబ్బును అటు మళ్లిస్తున్నారు. దూరవిద్యకు పరిధి ఆంక్షలు వచ్చాయి, కళాశాలలు స్వయంప్రతిపత్తి పొంది పరీక్షలు తామే పెట్టుకుంటున్నాయి. కాబట్టి ఆ ఊటలూ తగ్గుతున్నాయి.

గ్రంథాలయానికి, ప్రయోగశాలకు మిగిలేదేమిటి? రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థిని ఈ సభలో చెప్పిన విషయాలను ఆమె విశ్వవిద్యాలయం పేరు లేకుండా ఇక్కడ నమోదు చేస్తున్నాం. ఆమె ల్యాబ్‌లో విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఫ్యాను ఆగిపోయింది. మరమ్మతుకు ఇండెంట్ పెట్టారు, ఫైలు ఫైనాన్స్ విభాగం దాకా వెళ్లి ఆగింది. కిటికీలు తీసుకుని పని చేస్తున్నారు. పదార్థాన్ని వేరుచేసే కాలమ్‌కు కావలసిన సిలికా జెల్‌ను, ఇథైల్ అసిటేట్‌ను ల్యాబ్‌మేట్లు నలుగురూ చందా వేసుకుని కొంటారు. వాడిన ద్రావణిని పారబోయక మళ్లీ స్వేదనం చేసి వాడుకుంటారు. తయారైన పదార్థం ఏమిటో తేల్చే ఎన్ఎంఆర్ పరీక్షకు శాంపిళ్లను హైదరాబాద్‌లోని ప్రైవేటు ల్యాబ్‌కు కొరియర్ చేస్తారు, ఒక్కో శాంపిల్‌కు ఇంతని చెల్లిస్తారు. ఆమెకు ఫెలోషిప్ లేదు. చేతి చమురు వదిలించుకుంటూ సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి నెట్టుకొస్తున్నది. ఆమె మాట్లాడిన తర్వాత సభలో చాలామంది లేచి తమ శాఖల్లోనూ ఇదే తంతు అన్నారు.

తీర్మానాలు

అన్నిటికంటే ముందుగా పింఛన్ల విషయం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రిటైరైన లెక్చరర్‌కు ట్రెజరీ పింఛను ఇస్తుంది. విశ్వవిద్యాలయంలో రిటైరైన ఆచార్యుడికి విశ్వవిద్యాలయమే తన గ్రాంట్‌లోంచి ఇచ్చుకోవాలి. ఇద్దరూ ప్రజల పిల్లలకే పాఠం చెప్పారు. పాత విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారి జాబితా కుదించుకుపోతూ పింఛనుదారుల జాబితా పెరుగుతోంది. వేతన సవరణ వచ్చిన ప్రతిసారీ ఆ భారం ఇంకొంత బరువెక్కుతుంది, గ్రాంట్ అంత పెరగదు. చివరికి విశ్రాంత ఆచార్యుడి పింఛనుకూ, విద్యార్థి ల్యాబ్‌కూ పోటీ పెట్టినట్టయింది. ఈ పోటీని ఈ సభ తిరస్కరిస్తున్నది. విశ్వవిద్యాలయ ఉద్యోగుల పింఛన్లను బ్లాక్ గ్రాంట్ నుంచి విడదీసి నేరుగా ట్రెజరీ ద్వారా చెల్లించాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతూ తీర్మానిస్తున్నది. ఇది అంతులేని భారమని ఆర్థిక శాఖలు భయపడనక్కర్లేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారు పాత పింఛను పరిధిలో లేరు. పాత పింఛనుదారుల సంఖ్య కొంతకాలం పెరిగి, ఆపై తగ్గక తప్పదు. ఒక తరంతో తీరిపోయే బాధ్యతను తప్పించుకోవడానికి శాశ్వతంగా నిలవాల్సిన సంస్థల్ని ఎండగట్టడం ఏ లెక్క ప్రకారమూ సబబు కాదు.

ఖాళీ పోస్టుల భర్తీకి ఏటా నిర్ణీత నెలలో ప్రకటన, నిర్ణీత నెలలో నియామకం ఉండేలా క్యాలెండర్ ప్రకటించి దానికి కట్టుబడాలి. రిజర్వేషన్ రోస్టర్ వివాదాల్ని ప్రకటనకు ముందే న్యాయ సలహాతో పరిష్కరించుకోవాలి. ఒకేసారి వేలల్లో ప్రకటించి, కోర్టు స్టే వచ్చాక చేతులెత్తేసే పద్ధతికి ఇంతటితో స్వస్తి చెప్పాలి.

అకడమిక్ కన్సల్టెంట్లు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల గురించి సభలో చాలాసేపు చర్చ జరిగింది. పది, పదిహేనేళ్లుగా అదే శాఖలో అవే పేపర్లు చెబుతూ, ప్రశ్నపత్రాలు తయారుచేస్తూ, జవాబు పత్రాలు దిద్దుతూ ఉన్నవారు వీరిలో ఉన్నారు. పీరియడ్‌కు ఇంతని లెక్కగట్టి ఇస్తారు కనుక వేసవిలో కొందరికి ఆదాయమే ఉండదు. నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం వచ్చినప్పుడు మాత్రం అధ్యాపకుల జాబితాలో వీరి పేర్లు పైకొస్తాయి. అర్హతలున్న వారికి యూజీసీ స్కేలు కనీస మూలవేతనం, పన్నెండు నెలల చెల్లింపు, ప్రసూతి సెలవు, ప్రావిడెంట్ ఫండ్ వెంటనే ఇవ్వాలని, రెగ్యులర్ నియామకాల్లో వారి బోధనానుభవానికి తగిన వెయిటేజీ ఇవ్వాలని ఈ సభ తీర్మానిస్తున్నది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ నేల మీద పుట్టిన గొప్ప పథకాల్లో ఒకటని ఈ సభ భావిస్తున్నది. అది లేకుంటే పైన చెప్పిన 40 శాతం, 36.5 శాతం సాధ్యమయ్యేవి కావు. అయితే బిల్లు పెట్టాక టోకెన్ పడుతుంది, డబ్బు పడదు. తెలంగాణలో 2025లో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు బకాయిల కోసం తలుపులు మూసుకునే దాకా వెళ్లాయి. ఈ ఆలస్యానికి బలయ్యేది కోర్సు పూర్తయిన విద్యార్థి. ప్రభుత్వం కట్టలేదు గనుక నువ్వు కట్టు, కడితేనే ఒరిజినల్స్ ఇస్తామని కళాశాల అంటుంది. చేతిలో ఉద్యోగపు ఆఫర్ లెటర్ ఉండి, సర్టిఫికెట్ల కోసం తల్లి పుస్తెలు తాకట్టు పెట్టిన ఇళ్లు ఈ సభలో కూర్చున్నవారి ఊళ్లలోనే ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టంగా ప్రకటించింది. దాన్ని ఉల్లంఘించిన కళాశాల అఫిలియేషన్‌పై విశ్వవిద్యాలయాలు చర్య తీసుకోవాలి. ప్రభుత్వాలు విద్యా సంవత్సరం ముగిసేలోగా ఆ ఏటి బకాయిలు తీర్చాలి. ఈ పథకం సొమ్ము, విశ్వవిద్యాలయాల బ్లాక్ గ్రాంట్ రెండూ బడ్జెట్‌లో వేర్వేరు పద్దులుగా ఉండాలి. ఒకదానికి ఇచ్చామని చెప్పి రెండోదానిలో కోత పెట్టకూడదు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ కోర్సుల ఫీజులు, పీహెచ్‌డీ ఫీజులు పెంచి లోటు పూడ్చుకోవాలన్న ఆలోచనను ఈ సభ వ్యతిరేకిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య కళాశాలల్లో ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచిన ఉత్తర్వు చెల్లదన్న తీర్పును 2022 నవంబరులో సమర్థిస్తూ, విద్య లాభాలు గడించే వ్యాపారం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు కళాశాలకే ఆ హద్దు ఉంటే ప్రభుత్వ సంస్థకు ఎంత ఉండాలి? ఈ అంశంపై ఇద్దరు సభ్యులు విభేదించారు. స్తోమత ఉన్న కుటుంబాల నుంచి ఆదాయాన్ని బట్టి ఎక్కువ ఫీజు తీసుకోవచ్చని, ఆ డబ్బుతో పేద విద్యార్థుల మెస్ బిల్లు మాఫీ చేయవచ్చని వారి వాదన. వారి భిన్నాభిప్రాయాన్ని యథాతథంగా మినిట్స్‌లో నమోదు చేశాం. అధిక సంఖ్యాకుల అభిప్రాయం మాత్రం ఇది: ఉన్నవాడి దగ్గర పన్ను రూపంలో తీసుకోవాలి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఎవరి స్తోమత ఎంతని తూచడం మొదలుపెడితే, నోరులేనివాడు అక్కడి నుంచే వెనుదిరుగుతాడు.

భూముల గురించి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ భూమిలో 100 ఎకరాలను 2024లో కొత్త హైకోర్టు భవనాలకు కేటాయించారు. న్యాయస్థానానికి మంచి భవనం కావాలన్నదానిపై ఈ సభకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. కానీ పరిశోధనకు చేతులు మారని భూమి ఎంత అవసరమో పైన వివరించాం. విశ్వవిద్యాలయం పేరిట ఉన్న ఏ భూమినైనా, అది ఖాళీగా కనబడినా సరే, అమ్మడం, తాకట్టు పెట్టడం, వేరే అవసరానికి మళ్లించడం పాలకమండలి తీర్మానం, శాసనసభలో చర్చ లేకుండా జరగరాదని చట్ట సవరణ తేవాలి. ప్రతి విశ్వవిద్యాలయమూ తన భూముల సర్వే నంబర్లను, హద్దులను, ఆక్రమణల వివరాలను ప్రజల ముందు పెట్టాలి.

పరిశోధన గ్రాంట్లకు 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి పన్ను మినహాయింపు ఇవ్వడాన్ని స్వాగతిస్తున్నాం. మరుసటి నెలలోనే అఫిలియేషన్ సేవలపై 18 శాతం పన్ను వర్తిస్తుందని వచ్చిన వివరణను ఉపసంహరించాలని కేంద్రాన్ని కోరుతున్నాం. ఆ పన్ను ఎటు తిరిగినా చివరికి విద్యార్థి ఫీజులోకే చేరుతుంది.

పరిశోధక విద్యార్థులకు సంబంధించి: జాతీయ అర్హత పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు అందుతున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జేఆర్ఎఫ్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి 8,000 వస్తుంది, అదీ ఏళ్ల తరబడి పెరగలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జేఆర్ఎఫ్ లేని విద్యార్థికి అలాంటి సాధారణ ఫెలోషిప్ ఏదీ లేదు. ఒకే హైదరాబాద్‌లో రెండు ప్రాంగణాల్లో ఒకే విషయంపై పనిచేసే ఇద్దరి మధ్య ఈ తేడా ఎందుకుండాలి? రెండు రాష్ట్రాలూ తమ విశ్వవిద్యాలయాల్లో పూర్తికాలం పరిశోధన చేసే ప్రతి ఒక్కరికీ కనీస ఫెలోషిప్ ప్రకటించాలి. అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ నిధుల్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు నికరమైన వాటా కేటాయించాలి.

ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ కోర్సుల సీట్లు పెరుగుతుంటే భౌతికశాస్త్రం, తెలుగు, చరిత్ర, తత్వశాస్త్రం శాఖలు చిక్కిపోతున్నాయి. విద్యార్థులు తక్కువన్న కారణంతో శాఖను మూసేస్తే, పదేళ్ల తర్వాత మళ్లీ తెరవడానికి ఆ విద్య చెప్పేవారే దొరకరు. ఫీజు ఆదాయం తక్కువన్న కారణంతో ఏ మౌలిక శాఖనూ మూసివేయరాదు, విలీనం చేయరాదు. ఈ విషయంలో నిర్ణయాధికారం అకడమిక్ సెనేట్‌దే కావాలి.

కొఠారీ కమిషన్ 1966లో జాతీయాదాయంలో 6 శాతం విద్యకు అంది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే 6 శాతం రాసుకుంది. ఆ లక్ష్యానికి ఏ ఏడాది ఎంత దగ్గరకు వెళ్తారో కేంద్రం, రెండు రాష్ట్రాలు ఏటా బడ్జెట్ ప్రసంగంలోనే ప్రకటించాలి.

ఈ సభ తన సభ్యులకు కూడా కొన్ని బాధ్యతలు విధిస్తున్నది. ప్రతి శాఖా తనకు వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు, బకాయి ఉన్న బిల్లులను ఏటా జూన్‌లోగా నోటీసు బోర్డు మీదా, వెబ్‌సైట్‌లోనూ తెలుగులో పెట్టాలి. విశ్వవిద్యాలయానికి ప్రజల డబ్బు కావాలని అడిగేవారు ఆ డబ్బు ఎటు పోతోందో ప్రజలకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. నిర్ణీత పీరియడ్లు తీసుకోని రెగ్యులర్ అధ్యాపకుల్ని సంఘాలు వెనకేసుకు రావు. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ కనీసం ఒక శాఖ తన పరిశోధన ఫలితాలను ఏడాదికొకసారి సమీప మండల కేంద్రంలో రైతులకు, చేనేత కార్మికులకు, జాలర్లకు, బడి ఉపాధ్యాయులకు వివరించాలి.

పై తీర్మానాన్ని పరిశోధక విద్యార్థుల ప్రతినిధి ప్రతిపాదించగా, విశ్రాంత ఆచార్యుల తరఫున ఒకరు, బోధనేతర సిబ్బంది తరఫున ఒకరు బలపరిచారు. ఫీజుల అంశంపై నమోదైన రెండు భిన్నాభిప్రాయాలు మినహా మిగతాదంతా ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ప్రతులను ఇద్దరు ముఖ్యమంత్రులకు, ఆర్థిక, విద్యా శాఖల మంత్రులకు, రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లకు, యూజీసీకి, అన్ని శాసనసభా పక్షాల నాయకులకు పంపాలని సభ నిర్ణయించింది. పింఛన్ల విభజన, సర్టిఫికెట్ల విడుదల అంశాలపై వచ్చే బడ్జెట్ సమావేశాలలోగా స్పందన రాకపోతే, ప్రతి విశ్వవిద్యాలయ పరిపాలనా భవనం ముందు ఒకరోజు నిరాహార దీక్ష చేపట్టాలని, ఆ రోజు పరీక్షలు, ప్రయోగాలు ఏవీ ఆగకుండా వంతులవారీగా పాల్గొనాలని కూడా తీర్మానించడమైనది.